విశాఖలో కస్టమర్ సర్వీస్ ఉద్యోగాలు: బయలుదేరేముందు తెలుసుకోవలసినవి

హాస్టల్ వార్షికోత్సవానికి వచ్చిన ప్రతిసారీ తమ్ముళ్లు మమ్మల్ని అడిగే ప్రశ్న ఒక్కటే. "అన్నా, డిగ్రీ అయిపోతోంది. వైజాగ్ వస్తే ఏదైనా పని దొరుకుతుందా?" దానికి రెండు ముక్కల్లో జవాబు చెప్పి బస్సెక్కడం మాకు తృప్తిగా లేదు. అందుకే ఈ హాస్టల్లో చదివి, నేడు విశాఖ హోటళ్లలో, షోరూముల్లో, కాల్ సెంటర్లలో పనిచేస్తున్నవాళ్లం కొందరం కూర్చుని, మాకు తెలిసినది ఈ సంచికకు రాస్తున్నాం.

పని దొరుకుతుంది. అయితే ఏ పని, ఏ కాగితం మీద, మొదటి జీతం ఎప్పుడు అనే మూడు సంగతులు తెలుసుకుని రావాలి. కొందరికి ఉద్యోగం కుదరకపోతే ఇంటికి తిరిగి వెళ్లి ఆరునెలలు ఆగే వీలుంటుంది. కూలికి వెళ్లే అమ్మానాన్నలున్న మనకు ఆ వీలు లేదు. హాస్టల్ గది ఖాళీ చేసిన మరునాటి నుంచి మన పూట మనమే గడుపుకోవాలి. కాబట్టి మనం తెలుసుకుని అడుగు వేయాలి.

ఈ పని ఎక్కడ ఉంటుంది?

విశాఖపట్నం అనగానే ఓడరేవు, ఉక్కు కర్మాగారం గుర్తొస్తాయి. కానీ ఊరికి వచ్చేపోయే జనం వల్ల బతికే పని కూడా ఇక్కడ చాలా ఉంది. రామకృష్ణా బీచ్, 2002లో మ్యూజియంగా మారిన కురుసుర జలాంతర్గామి, కైలాసగిరి, 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు పొందిన రుషికొండ తీరం చూడడానికి జనం వస్తారు. బొర్రా గుహలకు, అరకుకు వెళ్లేవారు కూడా ఇక్కడే దిగుతారు. వాళ్లకు గది ఇచ్చేవారు, భోజనం వడ్డించేవారు, కారు మాట్లాడిపెట్టేవారు, ఫోన్‌లో సమాధానం చెప్పేవారు కావాలి.

హోటల్లో రిసెప్షన్, రిజర్వేషన్, రెస్టారెంట్, హౌస్ కీపింగ్ వేర్వేరు విభాగాలు. బట్టల షోరూములు, ఆసుపత్రి కౌంటర్లు, ట్రావెల్ ఆఫీసులు కూడా ఇదే కోవలోకి వస్తాయి. మధురవాడ, రుషికొండ వైపు ఐటీ సంస్థలు, ఊళ్లో కాల్ సెంటర్లు ఉన్నాయి. మన జిల్లాకూ విశాఖకూ మధ్య భోగాపురం వద్ద అంతర్జాతీయ విమానాశ్రయానికి 2023 మేలో శంకుస్థాపన జరిగింది. శ్రీకాకుళం వాళ్లకు అది విశాఖకంటే దగ్గర. ఆ దారిలో రాబోయే పనుల మీద కూడా కన్నేసి ఉంచండి.

ఎప్పుడు రావాలి?

విశాఖకు రద్దీ దసరా సెలవులతో మొదలవుతుంది. కార్తీక వనభోజనాలు, అరకు చలి, డిసెంబరు చివరివారం, సంక్రాంతి దాకా అది సాగుతుంది. హోటల్ వాళ్లు ఆ రద్దీ రాకముందే మనుషుల్ని తీసుకుని పని నేర్పించాలనుకుంటారు. కనుక ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో రావడం మంచిది. డిసెంబరులో వస్తే పని దొరకవచ్చుగానీ, అది చాలాసార్లు ఆ నాలుగు వారాల పనే అవుతుంది. "సీజన్ అయ్యాక కూడా ఉంచుతారా?" అని చేరేముందే అడగండి. కాల్ సెంటర్లకు ఈ లెక్క లేదు, ఏడాది పొడవునా తీసుకుంటారు.

మన దగ్గర ఉన్న పెట్టుబడి

మనకు ఇంగ్లీషు రాదు కాబట్టి ఏమీ రాదనుకునే తమ్ముళ్లు చాలామంది ఉన్నారు. ఒక్కసారి ఆలోచించండి. విశాఖ చూడడానికి పశ్చిమ బెంగాల్, ఒడిశాల నుంచి ఏటా ఎంతోమంది కుటుంబాలతో వస్తారు. ఇచ్ఛాపురం, సోంపేట వైపు పిల్లలు ఇంట్లో ఒడియా వింటూ పెరిగినవాళ్లు. హాస్టల్లో చేరిన కొత్తలో దాన్ని దాచుకుంటారు. అదే భాష రిసెప్షన్ దగ్గర ఒక అర్హత. బయోడేటాలో తెలిసిన భాషలు అన్నచోట ఒడియా అని తప్పక రాయండి. హిందీలో ఒక యాభై వాక్యాలు, బెంగాలీలో ఒక పది పలకరింపులు నేర్చుకుంటే పక్కవాడికంటే మీరు ముందుంటారు.

మన యాస గురించి కూడా ఒక మాట. 'ఏటి', 'ఎల్దాం' అంటే సినిమాల్లో నవ్విస్తారు. ఇంటర్వ్యూలో పుస్తక భాష కోసం తడబడవద్దు. నెమ్మదిగా, స్పష్టంగా, పూర్తి వాక్యం మాట్లాడితే చాలు. ఎదుటివారు వినేది మన యాసను కాదు, మన ఓపికను.

ఆ ఓపిక మనకు హాస్టలే నేర్పింది. నీళ్లు ఒక్క కుళాయికే వస్తుంటే వంద మందిని వరుసలో నిలబెట్టినవాడు, మెస్ కమిటీలో ఉండి కూర చాలక అరిచేవాళ్లకు సర్దిచెప్పినవాడు ఈ పనిలో సగం నేర్చుకున్నట్టే. "ఇంతకుముందు అనుభవం ఉందా?" అని అడిగితే "లేదు" అని ఊరుకోకండి. మెస్ కమిటీలో ఏం చేశారో చెప్పండి.

అసలు పని ఏమిటి?

అతిథి వచ్చి "ఏసీ పనిచేయడం లేదు" అన్నాడనుకోండి. "చూస్తాం సార్" అనడం సేవ కాదు. ముందు పూర్తిగా వినాలి. గది నంబరు తిరిగి చెప్పాలి. "పది నిమిషాల్లో మనిషిని పంపిస్తాను, పదిహేను నిమిషాలకు నేనే ఫోన్ చేసి కనుక్కుంటాను" అని సమయం చెప్పాలి. చెప్పినట్టు ఫోన్ చేయాలి. కాల్ సెంటర్లోనూ, షోరూములోనూ ఇదే పద్ధతి. మన చేతిలో లేని దానికి మాట ఇవ్వకూడదు. ఎవరైనా తిడితే ఆ కోపం సంస్థ మీద అని గుర్తుంచుకోవాలి. హద్దు దాటితే సూపర్‌వైజర్‌ను పిలవాలి.

ఇంటర్వ్యూలో "మీ నాన్న ఏం చేస్తాడు, మీరు ఎవరు?" అనే ప్రశ్నలు ఎదురుకావచ్చు. నాన్న చేసే పని తలెత్తి చెప్పండి. సంభాషణను మళ్లీ మీ చదువు మీదికి, పని మీదికి తీసుకురండి. రిసెప్షన్‌కు దరఖాస్తు పెట్టినవాణ్ణి "ముందు హౌస్ కీపింగ్‌లో చేరు, తర్వాత చూద్దాం" అనడం కూడా జరుగుతుంది. హౌస్ కీపింగ్ చిన్న పని కాదు. అందులో సూపర్‌వైజర్లుగా ఎదిగినవాళ్లున్నారు. కానీ మనవాళ్లను మాత్రమే వెనక పనికి పంపి, ముందు కుర్చీ మరొకరికి ఇవ్వడం న్యాయం కాదు. "ఎన్ని నెలల తర్వాత మారుస్తారు?" అని మర్యాదగా అడగండి. ఆ మాట కాగితం మీదికి వచ్చేలా చూసుకోండి.

కాగితం, జీతం

2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చిన కార్మిక కోడ్‌ల ప్రకారం నియామక పత్రం ఇవ్వడం యజమాని బాధ్యత. అందులో హోదా, జీతం, పని గంటలు ఉన్నాయో లేదో చదివి సంతకం పెట్టండి. నెల జీతం తర్వాతి నెల 7వ తేదీలోగా ఇవ్వాలి. ఓవర్‌టైమ్‌కు రెట్టింపు లెక్క కట్టాలి.

చెప్పే జీతం, చేతికొచ్చే జీతం ఒకటి కావు. పి.ఎఫ్. కింద మూలవేతనం, కరువు భత్యాల మీద సాధారణంగా 12 శాతం కోస్తారు. అంతే మొత్తం యజమాని కూడా కడతాడు. నెల జీతం 21,000 రూపాయల లోపైతే ఇ.ఎస్.ఐ. వర్తిస్తుంది. మన వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. జబ్బు చేస్తే మనకూ, మన మీద ఆధారపడినవారికీ వైద్యం అందేది దీనివల్లనే. డబ్బు కోస్తున్నారని బాధపడకండి, కోసింది జమ అవుతోందో లేదో చూసుకోండి. ఉద్యోగం మారినా పి.ఎఫ్. యు.ఏ.ఎన్. నంబరు మారదు, దాన్ని రాసి పెట్టుకోండి.

ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరికీ అప్పగించవద్దు. చూపించండి, జెరాక్స్ ఇవ్వండి, వెనక్కి తెచ్చుకోండి. వేరే ఉద్యోగానికి వెళ్లాలన్నా, పై చదువుకు వెళ్లాలన్నా మన చేతిలో ఉన్న ఆస్తి అవే.

డబ్బు అడిగితే లేచి వచ్చేయండి

ఉద్యోగం ఇచ్చేవాడు జీతం ఇస్తాడుగానీ మన దగ్గర తీసుకోడు. రిజిస్ట్రేషన్, యూనిఫారం డిపాజిట్, ట్రైనింగ్ ఫీజు, పేరేదైనా ఒకటే. విదేశాల మాట వస్తే మరింత జాగ్రత్త. డేటా ఎంట్రీ ఉద్యోగాలని నమ్మించి, డబ్బు కట్టించుకుని, యువకులను కంబోడియాకు తరలించి సైబర్ మోసాలు చేయించిన ముఠా వ్యవహారాన్ని విశాఖ పోలీసులు 2024 మేలో బయటపెట్టారు. వాళ్లూ మనలాంటి ఇళ్ల పిల్లలే. ఆన్‌లైన్‌లో డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. పని వెతకడానికి 2015లో కేంద్రం ప్రారంభించిన నేషనల్ కెరీర్ సర్వీస్‌లో ఉచితంగా పేరు నమోదు చేసుకోవచ్చు. పల్లెల్లోని పేద యువతకు 2014లో మొదలైన దీనదయాళ్ గ్రామీణ కౌశల్య యోజన కింద ఉచిత శిక్షణ ఉంటుంది.

మొదటి నలభై అయిదు రోజులు

నెల మొదట్లో చేరినా జీతం చేతికొచ్చేసరికి అయిదు వారాలు దాటుతుంది. గది అడ్వాన్సు, మెస్, బస్సు చార్జీలు, ఒక జత నల్లబూట్లు, రెండు జతల ఇస్త్రీ బట్టలకు కలిపి నలభై అయిదు రోజుల లెక్క వేసుకుని రండి. ఒక్కడే గది తీసుకోకుండా ముగ్గురు నలుగురు కలిసి ఉండండి. పనిచేసే చోటికి బస్సు ఉన్న పేటలోనే గది చూసుకోండి. రాత్రి షిఫ్ట్ అయితే దింపే వాహనం ఉందా అని ముందే అడగండి.

మీ అక్కచెల్లెళ్లు వస్తుంటే ఈ సంగతులు చెప్పండి. 2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్ర మహిళలకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. పదిమంది, అంతకుమించి పనిచేసే చోట 2013 చట్టం ప్రకారం లైంగిక వేధింపుల ఫిర్యాదుల కమిటీ ఉండాలి. అంతకంటే చిన్న సంస్థ అయితే జిల్లాస్థాయి కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు.

చదువు ఆపవద్దు

ఈ ఉద్యోగం మెట్టు మాత్రమే. ఆంధ్ర విశ్వవిద్యాలయం దూరవిద్య ఊళ్లోనే ఉంది. ద్వారకానగర్‌లో పౌర గ్రంథాలయం ఉంది. షిఫ్ట్ అయ్యాక రోజుకు ఒక గంట చదివి గ్రూప్ పరీక్షలు రాస్తున్నవాళ్లు మాలో ఉన్నారు. అదే రంగంలో పైకి రావాలనుకునేవారు హోటల్ మేనేజ్‌మెంట్ డిప్లొమా చేయవచ్చు.

తమ్ముళ్లారా, వచ్చేముందు వార్డెన్ గారి దగ్గర ఉన్న పూర్వ విద్యార్థుల పుస్తకంలో మా నంబర్లు చూసి ఒక్క ఫోన్ చేయండి. మేము ఉద్యోగం ఇప్పించలేకపోవచ్చు. ఇంటర్వ్యూ ముందురోజు రాత్రి పడుకోవడానికి చాప, తినడానికి అన్నం, ఆ నియామక పత్రం చదివిపెట్టే మనిషి మాత్రం ఉంటారు.