ఎముక అతికాక మిగిలే పని

2022 జనవరి 24న కొలంబియా రాజధాని బొగోటాకు దగ్గర్లో ఈగన్ బెర్నాల్ సాధన చేస్తున్నాడు. 22 ఏళ్లకే, 2019లో టూర్ ద ఫ్రాన్స్ గెలిచిన సైక్లిస్టు. టైమ్ ట్రయల్ సైకిలు మీద బాగా ముందుకు వంగి, ముంజేతులు చాచి, గంటకు దాదాపు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తూ ఆగి ఉన్న బస్సును వెనక నుంచి గుద్దేశాడు. వెన్నుపూసలు, తొడ ఎముక, మోకాలిచిప్ప, పక్కటెముకలు విరిగాయి. కాళ్లు చచ్చుబడిపోయే ప్రమాదం 95 శాతం దాకా ఉండిందని తర్వాత ఆయనే చెప్పాడు.

రెండు నెలలకల్లా మళ్లీ రోడ్డెక్కాడు, ఆగస్టులో డెన్మార్క్ రేసులో దిగాడు. అందరూ మెచ్చుకునేది ఇదే. కానీ మూడు వారాల పెద్ద రేసుల్లో మళ్లీ ఒక దశ గెలవడానికి 2025 సెప్టెంబరు దాకా పట్టింది. దెబ్బతిన్నవాళ్లకు నేను చెప్పాలనుకునేది ఈ రెండో లెక్క గురించే.

కింద పడేటప్పుడు చెయ్యి తనంతట తానే నేలకు ఆనుతుంది. ఆ దెబ్బ మణికట్టుకో, భుజం మీదుగా కాలర్ బోన్‌కో చేరుతుంది. విరిగినచోట ముందు రక్తం గడ్డకడుతుంది, దాని చుట్టూ మెత్తని కణజాలం పెరిగి క్రమంగా గట్టిపడుతుంది. పెద్దవాళ్లలో కాలర్ బోన్ అతకడానికి మామూలుగా 6 నుంచి 12 వారాలు. ఈలోగా వాడని కండరాలు చిక్కిపోతాయి కాబట్టి ఫిజియోథెరపీ మానకూడదు. బొటనవేలి మొదట్లో నొప్పి తగ్గకపోతే ఎక్స్‌రే బాగానే ఉందన్నా మళ్లీ చూపించుకోవాలి. అక్కడుండే చిన్న ఎముక పగులు మొదటి ఎక్స్‌రేలో తరచూ కనబడదు. తలకు దెబ్బ తగిలాక వాంతులు, మగత, పెరుగుతున్న తలనొప్పి ఉంటే తెల్లారేదాకా ఆగొద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

భయం సంగతి వేరు. అది ఒక్క క్షణంలో పట్టుకుంటుంది, వదలడానికి నెలలు తీసుకుంటుంది. భయపడ్డ మనిషి చేతులు బిగించి, గుంతనే చూస్తూ తొక్కుతాడు. చూపు ఎటుంటే సైకిలు అటే పోతుంది, బిగుసుకున్న చేతులు కుదుపును కాచుకోలేవు. అందుకే మొదట బండ్లు తిరగని చోట, కాసేపే తొక్కాలి. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ఇందుకు చక్కగా పనికొస్తుంది.

జాగ్రత్త అంటే ముందుగా చూడడం. గంటకు 25 కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 7 మీటర్లు. అపాయం కంటబడి వేళ్లు బ్రేకు నొక్కడానికి ఒక సెకను పడితే, ఆ 7 మీటర్లూ బ్రేకు పడకుండానే దాటిపోతాయి. వేగం సగం చేస్తే, బ్రేకు పట్టాక సైకిలు జారుకుంటూ పోయే దూరం నాలుగో వంతుకు తగ్గుతుంది. ఆగి ఉన్న కార్లకు మీటరుకు పైగా ఎడం ఉంచితే హఠాత్తుగా తెరుచుకునే తలుపు తగలదు. వాన రోజున రోడ్డు మీది తెల్లగీతలు, మ్యాన్‌హోల్ మూతలు జారతాయి. వాటి మీద మలుపు తిప్పొద్దు, బ్రేకు పట్టొద్దు.

పడినప్పుడు తలకున్న హెల్మెట్‌ను మళ్లీ వాడకండి. లోపలి నురుగు పొర నలిగిపోవడం ద్వారానే దెబ్బను మింగుతుంది, నలిగింది మళ్లీ పొంగదు. పైన గీత కూడా లేదని పిల్లలకు ఇచ్చేవాళ్లున్నారు. దయచేసి ఇవ్వకండి. పట్టీలు కోసేసి పారేయండి.