మింగడం మళ్లీ నేర్చుకోవాలి



భోజనం మధ్యలో పొలమారితే మన ఇళ్లలో నడినెత్తిన తట్టి "ఎవరో తలచుకుంటున్నారు" అంటాం. వెంటనే గ్లాసుడు నీళ్లు అందిస్తాం. నోటికో గొంతుకో క్యాన్సర్ వైద్యం చేయించుకుని కాశీపూర్, రాయగడ వైపు ఇళ్లకు తిరిగొచ్చినవారి విషయంలో ఈ రెండూ పనికిరావు.

ఖైనీ, గుట్కా, చుట్ట తెచ్చే ఈ జబ్బు మనకు కొత్త కాదు. శ్రీకాకుళం, విశాఖ తీరంలో నిప్పు కొన నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అంగిలికి చేసే చేటు వైద్యులకు ఎప్పటినుంచో తెలుసు. వైద్యానికి విశాఖ అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి, కటక్‌లో ఆచార్య హరిహర కేంద్రం ఉన్నాయి. ఇంటికొచ్చాక మాత్రం భారం మనదే.

గొంతులో అన్నం దారి, ఊపిరి దారి పక్కపక్కనే ఉంటాయి. మింగేటప్పుడు ఊపిరి దారి క్షణంపాటు మూసుకుంటుంది. రేడియేషన్ తర్వాత కండరాలు బిగుసుకుని, లాలాజలం తగ్గి, ఆ మూత ఆలస్యంగా పడుతుంది. పలచని నీళ్లు అంతలోనే ఊపిరితిత్తుల్లోకి జారి నిమ్ము చేస్తాయి. కాస్త చిక్కనిది నెమ్మదిగా దిగుతుంది.

అందుకు మన చోడిజావ ఉంది, ఒడియాలో మండియా జావు. పులిసిన అంబలి నోటిపూతను మండిస్తుంది కనుక అప్పటికప్పుడు కాచి, ఉండలు లేకుండా వడగట్టి, చల్లార్చి, పాలో నెయ్యో కలపండి. ఎవరికి ఎంత చిక్కగా ఉండాలో డాక్టరును అడగండి.

నిటారుగా కూర్చోబెట్టండి. చిన్న చెంచాతో పెట్టండి. ఒకసారి మింగాక, నోట్లో ఏమీ లేకుండా మరోసారి మింగమనండి. తిన్నాక అరగంట పడుకోనివ్వకండి. నోరు శుభ్రంగా ఉంచండి. నోటిలోని క్రిములే ఊపిరితిత్తులకు చేరతాయి.

భయపడి మింగడం మానేస్తే ఉన్న శక్తీ పోతుంది. పలక మీద అక్షరం దిద్దినట్టు, డాక్టరు చెప్పిన మేరకు ఈ సాధన రోజూ చేయాలి. ముక్కుకు గొట్టం ఉన్నా సరే, డాక్టరు ఒప్పుకుంటే ఉమ్మినైనా మింగుతుండాలి.

తిన్నాక గొంతు గురగురమన్నా, జ్వరం వచ్చినా, బరువు తగ్గుతున్నా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. దగ్గు రాలేదని ధీమా వద్దు. కొందరికి చప్పుడు లేకుండానే దారి తప్పుతుంది.

చివరిగా ఒక మాట. ఆ మనిషిని వేరే గదిలో ఒంటరిగా తిననివ్వకండి. జావగిన్నెతో మీ పంక్తిలోనే కూర్చోబెట్టుకోండి. కబుర్లు మాత్రం భోజనం అయ్యాకే.