లక్షల రైఫిల్‌కి రబ్బరు రింగే ప్రాణం!

మీ బైక్ టైర్‌లో గాలి ఎంత ఉంటుందో తెలుసా? సుమారు 2 బార్లు. కారు టైర్‌లో రెండున్నరకు అటూఇటూ. మరి ఒలింపిక్స్‌లో షూటర్లు వాడే ఎయిర్ రైఫిల్ సిలిండర్‌లో? 200 బార్లు! అంటే మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి దాదాపు 200 రెట్లు. సముద్రంలోకి దిగే స్కూబా డైవర్లు వీపున కట్టుకునే సిలిండర్‌లోనూ ఇంచుమించు ఇంతే ఉంటుంది.

అంత గాలిని చేతికి ఇమిడే గొట్టంలో బంధించి ఉంచేది ఏమిటి? జర్మనీ ఇంజినీరింగ్ అంటారు, మేలురకం అల్యూమినియం అంటారు. నిజమే. కానీ గొట్టానికీ రైఫిల్‌కీ మధ్య, గాలికి అడ్డంగా చివరికి నిలబడేది చిటికెన వేలికి కూడా పట్టని ఓ రబ్బరు రింగు. అది బాగుంటే రైఫిల్ రాజా. అది పోయిందా, లక్షలు పోసి కొన్న వస్తువు గోడకి ఆనించిన కర్రే!

హైదరాబాద్‌లోని ఓ రేంజ్‌లో కొన్నేళ్లుగా సాయంత్రాలు షూటింగ్ చేస్తూ, క్లబ్ రైఫిళ్ల బాగోగులు కూడా నేనే చూస్తున్నా. పిల్లల నోట నేను ఎక్కువగా వినే మాట ‘అన్నా, గాలి పోతోంది!’ దాని వెనకే వాళ్ల నాన్నల నుంచి ఇంకో ప్రశ్న: ‘ఇంత పెట్టి కొన్నాక కూడా లీకేంటండీ?’ అడగాల్సిన ప్రశ్నే. జవాబు కూడా ఉంది.

అసలు ఇది ఎలా పనిచేస్తుంది?

వీటిని పీసీపీ రైఫిళ్లు అంటారు. ప్రీ-చార్జ్‌డ్ న్యూమాటిక్ అని పూర్తి పేరు. ముందే గాలి నింపి పెట్టుకునే రకం అన్నమాట. జాతర్లో బెలూన్లు పేల్చే తుపాకీలో స్ప్రింగ్ ఉంటుంది. ప్రతి షాట్‌కీ విరిచి, మడిచి బిగించాలి. పీసీపీలో ఆ గొడవ లేదు. సిలిండర్ ఒకసారి నింపితే 60 షాట్ల మ్యాచ్, దానికి ముందు వేసే ప్రాక్టీస్ షాట్లూ అయిపోయాక కూడా గాలి మిగులుతుంది. కుదుపు దాదాపు ఉండదు. అందుకే 10 మీటర్ల పోటీల్లో ఇవే రాజ్యమేలుతున్నాయి. వాల్తర్, ఫైన్‌వెర్క్‌బౌ, ఆన్‌షుట్జ్, స్టేయర్ లాంటి కంపెనీలు తయారుచేస్తాయి.

సిలిండర్‌లోని 200 బార్ల గాలి నేరుగా పెల్లెట్ మీదికి రాదు. మధ్యలో రెగ్యులేటర్ ఉంటుంది. మన వంటగ్యాస్ సిలిండర్‌కి ఉన్నట్టే! సిలిండర్ నిండుగా ఉన్నా, సగానికి వచ్చినా, షాట్‌కి వెళ్లే గాలి ఒత్తిడి మాత్రం ఒకేలా ఉంచడం దాని పని. దాని తర్వాత ఫైరింగ్ వాల్వ్. ట్రిగ్గర్ నొక్కగానే రెప్పపాటులో తెరుచుకుని మూసుకుంటుంది. ఆ దెబ్బకి 4.5 మిల్లీమీటర్ల పెల్లెట్ సెకనుకు సుమారు 175 మీటర్ల వేగంతో దూసుకెళ్తుంది.

సిలిండర్ మూతి, ప్రెషర్ గేజ్, రెగ్యులేటర్, వాల్వ్... ప్రతి అతుకు దగ్గరా ఓ రింగో, సీలో ఉంటుంది. ఎన్ని అతుకులో లీక్‌కి అన్ని దారులు. రైఫిల్ ఖరీదు పెరిగితే అతుకుల నాణ్యత పెరుగుతుంది గానీ, అతుకులు మాయమైపోవు కదా!

ఇది ఈనాటి తలనొప్పి కాదు

పీసీపీ కొత్త టెక్నాలజీ అనుకుంటే పొరపాటే. 1780 ప్రాంతంలోనే ఆస్ట్రియా సైన్యం జిరార్డోనీ అనే గాలి రైఫిల్‌ను తీసుకుంది. దాని వెనకభాగమే గాలి తిత్తి. నింపాలంటే చేతిపంపు 1500 సార్లు కొట్టాలి! అప్పట్లో రబ్బరు లేదు, తోలు సీళ్లు ఉండేవి. తోలు ఎండిపోతే గాలి పోయేది. అందుకని దాన్ని తడిగా ఉంచుకోవాల్సి వచ్చేది. ఆ రైఫిల్ యుద్ధరంగంలో ఎక్కువకాలం నిలవకపోవడానికి ఈ సున్నితత్వం కూడా ఓ కారణం. తోలు పోయి రబ్బరు వచ్చింది. తలనొప్పి మాత్రం అదే.

రబ్బరు రింగుని తేలిగ్గా తీసుకోవద్దు. 1986లో అమెరికా స్పేస్ షటిల్ ఛాలెంజర్ కూలి ఏడుగురు చనిపోయారు. చలికి బిగుసుకుపోయిన ఓ-రింగ్ సరిగ్గా మూసుకోకపోవడమే దానికి మూలం.

గాలి ఎందుకు పోతుంది?

నేను చూసినంతలో కారణాలు నాలుగే.

ఒకటి, వయసు. రబ్బరు గట్టిపడుతుంది, సన్నగా చిట్లుతుంది. రైఫిల్ వాడకపోయినా ఇది ఆగదు. బీరువాలో రెండేళ్లు పెట్టి తీసిన రైఫిల్, రోజూ వాడే రైఫిల్ కన్నా ముందు లీకవడం నాకు కొత్తేం కాదు.

రెండు, చెత్త. ఇసుక రేణువు, బట్ట పోగు, సన్నని లోహపు రజను... వాల్వ్ కూర్చునే చోట ఇందులో ఏది ఇరుక్కున్నా చాలు. 200 బార్ల గాలికి వెంట్రుకంత సందు హైవేతో సమానం.

మూడు, తేమ. చేతిపంపుతో నింపితే గాలితోపాటు దానిలోని తేమా లోపలికి వెళ్తుంది. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో ఇది మరీ ఎక్కువ. లోపల నీరు చేరితే లోహం తినేస్తుంది. అందుకే తేమ పీల్చే ఫిల్టర్ లేకుండా నింపకూడదు.

నాలుగు, పూర్తిగా ఖాళీ చేయడం. ఓ-రింగ్‌లో ఓ తమాషా ఉంది. లోపలి గాలే దాన్ని సందులోకి నెట్టి బిగిస్తుంది. ఒత్తిడి ఉన్నంతసేపూ రింగు తన పని చక్కగా చేస్తుంది. తగ్గేకొద్దీ పట్టు సడలుతుంది. 200 దగ్గర చుక్క కూడా కారని సిలిండర్, 50కి వచ్చేసరికి బుసకొట్టడం అందుకే. విమాన ప్రయాణం కోసం ఖాళీ చేసిన సిలిండర్ ఊరు చేరి మళ్లీ నింపగానే లీకవడం వెనక కూడా ఒక్కోసారి ఇదే కథ.

లీక్ కాని లీక్

ఇది చదివాక సగంమంది కంగారు తగ్గుతుంది. ‘ఇంట్లో 200 చూపించిందన్నా, రేంజ్‌కి వచ్చేసరికి 188!’ అంటూ పరిగెత్తుకొస్తారు. ఎండాకాలంలో ఇంట్లో 40 డిగ్రీల వేడి. రేంజ్‌లో ఏసీ, 22 డిగ్రీలు. గాలి చల్లబడితే ఒత్తిడి తగ్గుతుంది. ఇంటర్ ఫిజిక్స్ లెక్కే! ఆ లెక్క ప్రకారం 200 బార్లు సుమారు 188 అవుతాయి. ఒక్క రేణువు గాలి కూడా బయటికి పోలేదన్నమాట.

నింపిన వెంటనే కూడా అంతే. గాలిని కుక్కి నింపేటప్పుడు సిలిండర్ వేడెక్కుతుంది. చల్లారాక ముల్లు కొంచెం కిందికి దిగుతుంది. నెమ్మదిగా నింపి, అరగంట ఆగి చూసిందే అసలు రీడింగ్.

నా లెక్క ఒకటే. ఒకే గదిలో, ఒకే వేడిలో వారానికి 5 బార్లు తగ్గితే పట్టించుకోను. ఒక్క రాత్రిలో 20 పోతే ఆ రైఫిల్ పట్టుకుని మ్యాచ్‌కి వెళ్లను.

కనపడని దొంగ

బయటికి పోయే గాలిని గేజ్ పట్టిస్తుంది. లోపల్లోపలే జరిగే లీక్‌ని ఏదీ పట్టించదు. రెగ్యులేటర్ సీల్ సరిగ్గా మూసుకోకపోతే సిలిండర్ నుంచి గాలి కొంచెం కొంచెంగా అవతలి గదిలోకి జారుతుంది. గేజ్ ముల్లు కదిలినట్టే ఉండదు. కానీ కాసేపు రైఫిల్ పక్కనపెట్టి మళ్లీ కాలిస్తే, మొదటి షాట్ వేగంగా వెళ్తుంది. తర్వాతివన్నీ మామూలే.

మా రేంజ్‌కి మహబూబ్‌నగర్ వైపు నుంచి ఇంటర్ చదివే ఓ అమ్మాయి వచ్చేది. శని, ఆదివారాలు బస్సులో ప్రయాణం. వాళ్ల నాన్న అప్పుచేసి సెకండ్‌హ్యాండ్ రైఫిల్ కొన్నాడు. అమ్మినాయన ‘ఇంపోర్టెడ్ పీస్, లీక్ అన్న మాటే ఉండదు’ అని చెప్పాడట. ప్రతి సిరీస్‌లో ఆమె మొదటి షాట్ పైకి పోయేది. ఊపిరి సరిగ్గా పట్టడం లేదన్నారు ఒకరు. టెన్షన్ అన్నారు ఇంకొకరు. పాపం, ఆ పిల్ల నమ్మేసింది. యోగా చేసింది, నిద్ర మానుకుని మరీ ప్రాక్టీస్ చేసింది. స్టేట్ సెలక్షన్‌కి ఇంకా మూడు వారాలే ఉంది.

ఓ రోజు ఆ రైఫిల్‌ను పెల్లెట్ వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ ముందు పెట్టాం. పది నిమిషాలు ఆపి కాలిస్తే మొదటి షాట్ 184. తర్వాత 176, 175, 175. మళ్లీ పది నిమిషాలు ఆపాం. మళ్లీ 183! తప్పు వేలిది కాదు, రెగ్యులేటర్‌ది. టెక్నీషియన్ విప్పి చూస్తే సీల్ మీద సన్నని లోహపు రజను.

175కీ 184కీ తేడా ఎంత అనుకుంటున్నారా? పది మీటర్ల దూరంలో పెల్లెట్ సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్లు పైన తగులుతుంది. ఎయిర్ రైఫిల్ టార్గెట్‌లో పది పాయింట్ల చుక్క వెడల్పే అర మిల్లీమీటర్. పావు మిల్లీమీటర్ జరిగితే 0.1 పాయింట్ పోతుంది. ఆ లెక్కన 10.9 రావాల్సిన షాట్ 10.3 అవుతుంది. దశాంశాలతో ర్యాంకులు తేలే ఆటలో 0.6 అంటే చిన్న మాట కాదు.

టెక్నీషియన్ చెప్పిందంతా విని ఆ అమ్మాయి అడిగింది ఒక్కటే: ‘అంటే తప్పు నాది కాదా అన్నా?’ లీక్‌లో పోయేది గాలి ఒక్కటే కాదని నాకు ఆ రోజు అర్థమైంది. ఆటగాళ్ల నమ్మకం పోతుంది. సీల్ మార్చాక ఆమె మొదటి షాట్‌కి భయపడటం మానేసింది.

పెద్ద వేదికల మీదా వస్తువు మొండికేస్తుంది. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో మను భాకర్ పిస్టల్ క్వాలిఫికేషన్ మధ్యలో పాడైంది. అది గాలి లీక్ కాదు గానీ, విలువైన నిమిషాలు తినేసింది. 575 పాయింట్లతో ఆమె 12వ స్థానంలో ఆగింది. ఫైనల్ రెండు పాయింట్ల దూరంలో తప్పిపోయింది. మూడేళ్ల తర్వాత పారిస్‌లో అదే అమ్మాయి రెండు కాంస్యాలు తెచ్చింది!

రెండు రాత్రుల టెస్ట్

లీక్ ఉందని అనుమానమా? వెంటనే స్క్రూడ్రైవర్ అందుకోకండి. ముందు ఇది చేయండి.

మొదటి రాత్రి సిలిండర్‌ని రైఫిల్ నుంచి విప్పి విడిగా పెట్టండి. గేజ్ ఫొటో తీసుకోండి. పొద్దున మళ్లీ ఫొటో. తగ్గిందా, తప్పు సిలిండర్‌ది. తగ్గలేదా, రెండో రాత్రి రైఫిల్‌కి బిగించి పెట్టండి. ఇప్పుడు తగ్గితే తప్పు రైఫిల్‌ది. ఇంత చిన్న పనితో సగం రోగం తెలిసిపోతుంది.

తర్వాత గిన్నెల సబ్బు నీళ్లు. చిన్న బ్రష్‌తో ఒక్కో అతుకు మీద రాయండి. బుడగ వచ్చిన చోటే దొంగ. పని అయ్యాక శుభ్రంగా తుడిచేయండి. అతుకుల దగ్గర ఏమీ లేకపోతే బారెల్ చూడాలి. లోపల పెల్లెట్ లేదని రెండుసార్లు చూసుకున్నాకే బారెల్ మూతికి బెలూన్ తొడిగి వదిలేయండి. అది ఉబ్బిందంటే ఫైరింగ్ వాల్వ్ దగ్గర లీక్ ఉన్నట్టే. ఆ వివరాలు చెబితే టెక్నీషియన్ పని సులువవుతుంది, మీ బిల్లూ తగ్గుతుంది.

ఇవి మాత్రం వద్దే వద్దు

గాలి నిండిన సిలిండర్‌నీ, రైఫిల్‌నీ విప్పొద్దు. 200 బార్ల మీద ఎగిరొచ్చే మూత బుల్లెట్‌తో సమానం.

ఆస్పత్రి ఆక్సిజన్ సిలిండర్ నుంచి నింపొద్దు. ఆక్సిజన్‌కి కొంచెం గ్రీజు తగిలినా పేలిపోవచ్చు. సీళ్లకి బండి ఆయిల్, కుట్టుమిషన్ ఆయిల్ వేయొద్దు. కంపెనీ చెప్పిన సిలికాన్ గ్రీజు, అదీ గోరంత చాలు.

‘సైజు సరిపోయింది కదా’ అని మోటార్ షాపులో దొరికే రింగు వేయొద్దు. మెత్తని రబ్బరు ఆ ఒత్తిడికి సందులోకి పిండుకుపోతుంది.

సిలిండర్ మీద తేదీ చూడండి. మ్యాచ్ రైఫిళ్ల సిలిండర్లకి సాధారణంగా పదేళ్లే గడువు. గడువు దాటలేదని చూసుకునే బాధ్యత షూటర్‌దేనని అంతర్జాతీయ నిబంధనలే చెబుతున్నాయి. సెకండ్‌హ్యాండ్‌లో కొనేవాళ్లు రైఫిల్ మెరుపు కన్నా ముందు చూడాల్సింది ఈ తేదీనే.

అభినవ్ బింద్రా బీజింగ్ స్వర్ణం, మన హైదరాబాద్ కుర్రాడు గగన్ నారంగ్ లండన్ కాంస్యం 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లోనే వచ్చాయి. వాళ్లను చూసి రైఫిల్ పట్టిన పిల్లలు జిల్లాల్లోనూ ఉన్నారు. సర్వీస్ సెంటర్లు మాత్రం వాళ్ల ఊళ్లకి ఇంకా చేరలేదు. ఒక సీల్ కోసం నెలలు ఆగే వాళ్లున్నారు. అందుకే మా క్లబ్‌లో ఓ రూల్ పెట్టుకున్నాం. ప్రతి రైఫిల్‌కి ఓ చిన్న నోట్‌బుక్, కిట్‌లో కంపెనీ రింగుల ప్యాకెట్ ఒకటి. రోజూ గేజ్ రీడింగ్ రాస్తాం, నెలకోసారి వేగం చూస్తాం. స్కోర్ పడిపోతే పిల్లల్ని తిట్టే ముందు ఆ నోట్‌బుక్ తిరగేస్తాం. మీ రేంజ్‌లో కూడా మొదలుపెట్టండి. ఖర్చు? ఓ నోట్‌బుక్, ఓ పెన్ను!