ఆయాసం ఉన్నవారికి జలుబు చేస్తే...

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వైపు చలిగాలి మొదలైందంటే పాత ఆయాసం తిరగబెడుతుంది. ఏళ్ల తరబడి కట్టెల పొయ్యి ఊదిన అత్తగారికైనా, బీడీలు కాల్చిన మామగారికైనా మామూలు జలుబే ఊపిరితిత్తుల్లోకి దిగవచ్చు. అప్పుడు 'దగ్గు తగ్గాక చూద్దాంలే' అని రోజూ పీల్చే మందు ఆపనివ్వకండి. అది వ్యసనమైపోతుందనేది ఉత్త అపోహ. స్టెరాయిడ్ ఇన్‌హేలరైతే, పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మేయమనండి.

పోయినసారి మిగిలిన యాంటీబయాటిక్ మాత్రలు మాత్రం మీ అంతట మీరు వేయకండి. జలుబుకు కారణం వైరస్. దానిమీద అవి పనిచేయవు. కఫం పచ్చబడి చిక్కబడినా, ఆయాసం పెరిగినా ఆ రోజే దగ్గర్లోని సర్కారు ఆసుపత్రిలో చూపించండి. పెదవులు నీలిరంగుకు తిరిగినా, ఊపిరాడక మాట తెగిపోతున్నా ఆలస్యం చేయక 108కి ఫోన్ చేయండి. ఏటా ఫ్లూ టీకా గురించి డాక్టరుగారిని అడగడం మరచిపోకండి సుమా!