గోలకొండ మెట్లమీద

పిల్లలను చారిత్రక నగరములకు తీసికొనిపోవు ఉపాధ్యాయులు తరచుగా ఒక పొరపాటు చేయుదురు. తరగతిగదిని గూడ వెంట మోసికొనిపోవుదురు. ఆ పొరపాటు చేసినవారిలో నేనును ఒకడను.

కొన్ని యేండ్ల క్రిందట ఒక ఉన్నత పాఠశాల పిల్లలకు గోలకొండను చూపి వివరింపుమని నన్ను పిలిచిరి. ఆరవ తరగతి మొదలు పదవ తరగతి వరకు నలువదిమంది పిల్లలు. కోటలో అడుగిడగానే వారిని ఎండలో నిలువబెట్టి, కాకతీయుల నాటి మట్టికోట మొదలుకొని 1687లో ఔరంగజేబు సాగించిన ఎనిమిది నెలల ముట్టడి వరకు ముప్పావుగంట ఉపన్యసించితిని. చెప్పినదానిలో తప్పు లేదు, విన్నవారే లేరు. చిన్నవారు నీళ్లసీసాలతో ఆడుకొనుచుండిరి. పెద్దవారు సెల్‌ఫోనులలో తలలు దూర్చిరి.

అంతలో ఆరవ తరగతి బాలుడొకడు, "మాస్టారండీ! అంత ఎత్తున ఉన్నవాళ్లకు మంచినీళ్లు ఎలా వచ్చేవండీ?" అని అడిగెను. నాకు రాజుల వరుస తెలియును. నీటి దారి తెలియదు. "తరువాత చెప్పెదనులే" అని తప్పించుకొంటిని. సాయంకాలమువరకు వాడు మరి యే ప్రశ్నయు వేయలేదు. ఉపన్యాసము విననందులకు నేను వారిమీద విసుగుకొంటిని గాని, అడిగిన ఒక్కనిని ఊరకుండజేసినది నేనే.

మరుసటి యేడు మరియొక జట్టుతో పోయినపుడు ఉపన్యాసమును ఇంటివద్దనే విడిచితిని.

బాలా హిసార్ ద్వారమునొద్ద గోపురపు కప్పు క్రింద నిలిచి చప్పట్లు కొట్టినచో కొండకొమ్మున నున్న మందిరమునకు వినబడును. జట్టును రెండుగా చీల్చి, కొందరిని పైకి పంపి, కొందరిని క్రింద నిలిపితిని. ఎన్ని చప్పట్లు కొట్టినది క్రిందివారును, ఎన్ని వినబడినది పైవారును వ్రాసికొనిరి. రెండు లెక్కలును సరిపోయినపుడు, శత్రువు రాకను కావలివాడు పైకి తెలుపు విధము వేరుగ చెప్పవలసిన పని లేకపోయెను.

చిన్నవారికి అప్పగించిన పని గోడలలో మట్టిగొట్టములను వెదకుట. దుర్గం చెరువునుండి కోటకు నీరు వచ్చెడిది. దానిని ఏతపు చక్రములతో అంచెలంచెలుగా తొట్లకెక్కించి, గొట్టములద్వారా మందిరములకు పంపెడివారు. గొట్టము కనబడినపుడెల్ల వారు వేసిన కేక కొండకొమ్మున గూడ వినబడియుండును!

పైకి సుమారు 360 మెట్లు. పెద్ద పిల్లలకు అలసట తెలియకుండ ఒక ఆట పెట్టితిని. ఇబ్రహీం కుతుబ్ షా కాలమున, ఆయన కొలువులోని అమీనుఖానునకు పొన్నికంటి తెలగన 'యయాతి చరిత్ర'ను అంకితమిచ్చెను. అది తొలి అచ్చతెలుగు కావ్యము. ఆ సంగతి చెప్పి, మెట్లెక్కునంతసేపు అచ్చతెలుగే మాటలాడవలెననియు, సంస్కృతముగాని ఇంగ్లీషుగాని దొరలినచో ఒక మెట్టు దిగవలెననియు నియమము చేసితిని. అందరికన్న ఎక్కువ మెట్లు దిగినవాడను నేనే. పిల్లల ఆనందమునకు మేర లేదు.

రామదాసు బందిఖానావద్ద మాత్రము ఆట చాలించితిమి. భద్రాద్రి రామునికి గుడి కట్టుటకై సర్కారు సొమ్ము వెచ్చించిన గోపన్నను తానీషా చెరలో నుంచిన కథ వారెరిగినదే. గోడమీది సీతారామలక్ష్మణుల బొమ్మలు ఆయనయే చెక్కెనని చెప్పుదురు. "గోపన్న చేసినది ఒప్పా? తానీషా చేసినది తప్పా?" అని మాత్రము అడిగితిని. పదవ తరగతి పిల్లలు రెండు పక్షములై వాదించిరి. సెల్‌ఫోను తీసినవాడు లేడు. నేను తీర్పు చెప్పలేదు. తిరుగుబండిలో గూడ ఆ వాదము తెగలేదు.

ఆనాడు చార్మినారును చూడలేదు. ఒక పూటకు ఒక చోటు చాలును. అన్నియు చూపవలెనన్న మన ఆత్రమే పిల్లల ఉత్సాహమును చంపుచున్నది. కాళ్లకు నడక, చేతులకు పని, బుద్ధికి ఒక ప్రశ్న ఇచ్చినచో సంవత్సరములను వారే అడిగి తెలిసికొందురు.

విద్యార్థులారా, మీరును అడుగుడు. మాస్టారు "తరువాత" అన్నచో మరల అడుగుడు. నీటి దారి అడిగిన ఆ బాలుడు ఇప్పుడెచ్చట నున్నాడో! వానికి చెప్పవలసిన జవాబు నాయొద్ద నింకను బాకీ యున్నది.