మెనూ బోర్డు మీద మధ్యలో ఉన్న పెసరట్టు ఎందుకు అమ్ముడుపోదు?

కార్తీక అమావాస్యకు కారంపూడిలో మొదలయ్యే పల్నాటి వీరారాధన ఉత్సవాల్లో మూడోనాటి ఘట్టం మందపోరు. ఆ రోజు చాపకూడు ఉంటుంది. కులభేదాలు పక్కనపెట్టి పల్నాటి మంత్రి బ్రహ్మనాయుడు అందర్నీ ఒకే చాప మీద కూర్చోబెట్టాడని చెప్పుకునే ఆ పంక్తిలో ఏం తినాలన్న ప్రశ్నే రాదు. అందరికీ ఒకటే కూడు.

హోటల్‌కి వెళ్తే అలా కుదరదు. "టిఫిన్ ఏమున్నాయి?" అని అడగ్గానే సర్వర్ "ఇడ్లీ, వడ, పూరీ, పెసరట్టు, ఉప్మా, మసాలా దోశ" అని గుక్కతిప్పుకోకుండా అప్పజెబుతాడు. విన్నవాటిలో చివరివే చెవిలో నిలుస్తాయి. చాలామంది "అయితే దోశ వెయ్యి" అనేస్తారు. కోరుకున్నది మనమే. ఆ వరస మాత్రం హోటల్‌వాళ్లది.

వరస మారితే

రాసి ఉన్న మెనూలోనూ ఇదే తంతు. 2011లో వెలువడిన ఒక ఇజ్రాయెల్ అధ్యయనంలో టెల్ అవీవ్ కాఫీ షాపు మెనూలో మధ్యనున్న పదార్థాలను అంచులకు, అంచుల్లో ఉన్నవాటిని మధ్యకు మార్చి చూశారు. వంట మారలేదు, ధర మారలేదు. అయినా జాబితా మొదట్లో, చివర్లో ఉన్నవాటికి గిరాకీ పెరిగింది. మధ్యలో ఉన్నప్పటితో పోలిస్తే కొన్నింటికి అది రెట్టింపు దాకా వెళ్లింది.

నాలుగింట ఎన్ని?

వరసే కాదు, ఎన్ని రకాలున్నాయన్న లెక్క కూడా ముఖ్యమే. కేంబ్రిడ్జ్ కళాశాలల క్యాంటీన్లలో 94 వేలకు పైగా భోజనాల అమ్మకాలను పరిశీలించి 2019లో ఫలితాలు ప్రచురించారు. నాలుగు వంటకాల్లో శాకాహారం ఒకటి ఉన్న చోట రెండు పెడితే, దాని అమ్మకం 41 నుంచి 79 శాతం పెరిగింది. మామూలుగా మాంసం వైపే మొగ్గేవారిలో ఈ మార్పు మరీ ఎక్కువ. మన బోర్డుల మీద చికెన్ బిర్యానీలు అరడజను రకాలుండి, వెజ్ బిర్యానీ అడుగున ఒక్కటే ఉంటే, "ఇక్కడ వెజ్ ఎవరూ తినరండీ" అన్న ఓనరు మాటలో ఆ బోర్డు వాటా కూడా ఉన్నట్టే.

పేరు పెట్టే తీరు

కోడి పలావ్ ముందు "రాజుగారి" అని చేర్చడం ఊరికే కాదు. స్టాన్‌ఫర్డ్ క్యాంటీన్‌లో 46 రోజులపాటు ఒకే రకంగా వండిన కూరగాయలకు రోజుకో తరహా పేరు పెట్టారు. నోరూరించే పేరున్న రోజు, మామూలు పేరున్న రోజుకన్నా 25 శాతం ఎక్కువ మంది వడ్డించుకున్నారు. "కొవ్వు తక్కువ, చక్కెర లేదు" తరహా పేర్లతో పోలిస్తే ఆ తేడా 41 శాతం. ఈ ఫలితాలు 2017లో వచ్చాయి.

ఇలాంటి అంకెలన్నిటినీ ఒకే గాటన కట్టకూడదు. వర్ణన చేర్చితే అమ్మకం 27 శాతం పెరుగుతుందని 2001లో బ్రయన్ వాన్‌సింక్ బృందం రాసింది. ఆయన పరిశోధనల్లో అక్రమాలున్నాయని ఆయన పనిచేసిన కార్నెల్ విశ్వవిద్యాలయమే 2018లో తేల్చింది. ఆయన వ్యాసాలు పదికి పైగా ఉపసంహరణకు గురయ్యాయి. ఆ 27ను పట్టుకుని బోర్డు రాయించుకోకపోవడమే మేలు.

ఎవరేం చేయొచ్చు?

పది, అంతకు మించి శాఖలున్న హోటళ్లు 2022 జులై 1 నుంచి మెనూలో కేలరీలు కూడా చూపాలన్నది కేంద్ర ఆహార భద్రతా సంస్థ నిబంధన. ఊళ్లో ఒక్క కొట్టుతో నడిచే హోటల్‌కి ఆ బాధ్యత లేదు. అక్కడ బోర్డు మీద ఏది ఎక్కడ రాయాలన్నది ఓనరు ఇష్టమే. కాబట్టి తినేవాళ్లు బోర్డును ఒకసారి మధ్యలోంచి చదివితే మంచిది. బేరం లేని పెసరట్టును వదిలించుకోవాలనుకుంటున్న ఓనరు దాన్ని ఒక వారం పైవరసలో రాసి చూడొచ్చు. ఖర్చు ఒక చాక్‌పీసు.