సంతకానికి పైనున్న ఆ చివరి వాక్యము



పరీక్షల ఫలితాలు వచ్చే మే, జూన్ నెలలలో ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత మా గుడి వరండాలో ఒక చిన్న కూటము జరుగుతుంది. దానికి పేరేమీ లేదు. డిగ్రీ అయినవారు, ఐ.టి.ఐ. అయినవారు, నర్సింగు అయినవారు ప్లాస్టిక్ ఫైళ్ళు చంకన పెట్టుకొని వచ్చి, "మాస్టారూ, ఈ బయోడేటా ఒకసారి చూసి పెట్టండి" అంటారు. సంఘములో ఉద్యోగాలు చేసి రిటైరైన మేము నలుగురము కళ్ళద్దాలు సవరించుకొని కూర్చుంటాము.

ఇలా మేము చూచిన కాగితాలలో చాలా వాటికి మొదటి పేరా ఒక్కటే. సవాళ్ళు ఉన్న వాతావరణములో పనిచేసి సంస్థ అభివృద్ధికి తోడ్పడుట నా ధ్యేయమని ఇంగ్లీషులో వ్రాసి ఉంటుంది. ఎలక్ట్రీషియనుదీ అదే ధ్యేయము, నర్సుదీ అదే, బి.కామ్. చదివినవానిదీ అదే. మండల కేంద్రములో బస్టాండు ఎదుట జెరాక్సు షాపు ఉంది గదా, అక్కడి కంప్యూటరులో ఒక నమూనా ఉంటుంది. షాపువాడు పేరు మార్చి ప్రింటు తీసి ఇస్తాడు. ఒకసారి ఒక అబ్బాయి కాగితములో తండ్రి పేరు వేరుగా కనబడింది. అడిగితే అతడే తెల్లబోయాడు. ముందు వచ్చినవాని తండ్రి పేరును మార్చడము షాపువాడు మరచిపోయాడు. ఆ కాగితము అప్పటికే పదకొండు చోట్లకు వెళ్ళింది. అసలు తండ్రి మా ప్రక్కనే నిలబడి ఉన్నాడు. మాకు నవ్వూ వచ్చింది, బాధా కలిగింది.

ఇంతకీ బయోడేటా వేరు, రెజ్యూమె వేరు. బయోడేటాలో తండ్రి పేరు, పుట్టిన తేదీ, మతము, పెండ్లి అయినదీ కానిదీ అన్నీ ఉంటాయి. పెండ్లి సంబంధాలకు కూడ మనము వాడేది అదే. రెజ్యూమె అనేది ఫ్రెంచి మాట, సంగ్రహము అని అర్థము. ఆ ఉద్యోగానికి పనికివచ్చే సంగతులను మాత్రమే ఒకటి రెండు పేజీలలో చెప్పేది అది. ఇప్పుడు ప్రైవేటు కంపెనీలు, ఆసుపత్రులు ఎక్కువగా అడిగేది దీనినే.

బైబిలులో రెజ్యూమె ఎక్కడ ఉంది అని మీరడిగితే మేము మొదటి సమూయేలు 16వ అధ్యాయము తీసి చూపిస్తాము. సౌలు రాజుకు సితారా బాగా వాయించేవాడు కావలసి వచ్చింది. పనివారిలో ఒకడు లేచి యెష్షయి కుమారుని గూర్చి చెప్పాడు. మొదట ఏమి చెప్పాడో చూడండి. వాయించుటలో ప్రవీణుడు అన్నాడు. ఆ తరువాతనే శూరత్వము, మాట నేర్పు, రూపము వచ్చాయి. యెహోవా అతనికి తోడుగా ఉన్నాడన్నది చివర వచ్చింది. రాజు అడిగినది వాయిద్యము గనుక దానినే ముందు పెట్టాడు. ప్రకటనలో ఏది అడిగారో అది మొదటి పేజీలో, పై సగములో కనబడాలి. మన పిల్లలు మాత్రము మొదటి సగములో ఇంటి నంబరు, గ్రామము, మండలము, పిన్‌కోడు, తండ్రి వృత్తి, తెలిసిన భాషలు నింపి, అడిగిన సంగతిని రెండవ పేజీ అడుగున పెడతారు.

17వ అధ్యాయము ఇంకా బాగుంటుంది. యుద్ధ అనుభవము లేని బాలుడవు గదా అని సౌలు అన్నప్పుడు దావీదు తనకు లేని యుద్ధాలను కల్పించి చెప్పలేదు. తండ్రి గొఱ్ఱెలను కాస్తున్నప్పుడు సింహముతోను ఎలుగుబంటితోను ఏమి జరిగిందో చెప్పాడు. గొఱ్ఱెల కాపు పని కూడ అనుభవమే.

దీనిని మేము ఊరికే చెప్పడము లేదు. ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియను ట్రేడు రెండేండ్లు చదివిన ఒక కుర్రవాడు తన కాగితములో అనుభవము దగ్గర "లేదు" అని వ్రాసుకొచ్చాడు. మాటల్లో పెడితే తెలిసింది, మూడు వేసవులు మేనమామ షాపులో మోటారు వైండింగు చేశాడట. 5 హెచ్.పి. సబ్‌మెర్సిబుల్ మోటార్లను విప్పి, కాలిన తీగ తీసి, కొత్త తీగ చుట్టి, వార్నిష్ పట్టించి రైతులకు అప్పగించేవాడు. స్టార్టరు బోర్డులో లోపము చెవితో విని చెప్పగలడు. "అది మామయ్య దగ్గర గదా మాస్టారూ, ఉద్యోగము కాదు గదా" అన్నాడు. జీతము ముట్టలేదు గనుక పని కాదనుకున్నాడు. జీతము లేదని దాచనక్కరలేదు, ఉందని చెప్పనూ కూడదు. మేనమామ షాపు అని ఉన్నదున్నట్లు పెట్టి, ఏ ఏ నెలలలో, ఎలాంటి మోటార్లు, దాదాపు ఎన్ని అని వ్రాయించాము.

ఇక ఒక నర్సు చెల్లెమ్మ సంగతి. జి.ఎన్.ఎం. చదివింది. ఆమె కాగితములో కష్టపడి పనిచేయు స్వభావము, సమయపాలన, దైవభీతి అని వరుసగా చుక్కలు పెట్టి ఉన్నాయి. ఎక్కడ పనిచేశావమ్మా అంటే జిల్లా కేంద్రములో ఒక ప్రైవేటు ఆసుపత్రి పేరు ఒక్క ముక్కలో చెప్పింది. అక్కడ ఏమి చేశావంటే "స్టాఫ్ నర్సునండి" అని ఊరుకుంది. మేము ఇంకా ఇంకా అడుగుతూ పోయాము. మొత్తము 14 నెలలు. అందులో చివరి 8 నెలలు ఐ.సి.యు. అక్కడ 8 పడకలు, రాత్రి డ్యూటీలో ఇద్దరే నర్సులు. వెంటిలేటరు మీద ఉన్నవారికి సక్షన్ చేయడము, ఇన్‌ఫ్యూజన్ పంపులు చూసుకోవడము, గంట గంటకూ చార్టు నింపడము, డ్యూటీ మారేటప్పుడు హ్యాండోవర్ వ్రాయడము అన్నీ ఆమె చేసినవే. కాగితము మీద ఇందులో ఒక్క ముక్క లేదు. నర్సింగు కౌన్సిలు రిజిస్ట్రేషను నంబరు కూడ లేదు. అది లేకపోతే మిగతాది ఎవరు చదువుతారు?

కాబట్టి పేరు, ఫోను క్రింద మొదటి వరుసలోనే ఆమె చదువు, రిజిస్ట్రేషను నంబరు, ఐ.సి.యు. అనుభవము నెలలతో సహా పెట్టాము. దాని క్రింద చివరిగా చేసిన పని మొదట వచ్చేటట్లు తేదీలతో వ్రాశాము. పడకలెన్ని, డ్యూటీ ఏది, ఏ పరికరాలు తన చేతితో నడిపింది అన్నవి వచ్చాయి. తాను ప్రక్కన నిలబడి చూచినవి వ్రాయవద్దన్నాము. ఎందుకంటే ఇంటర్వ్యూలో మేట్రన్‌గారు దానినే పట్టుకొని అడుగుతారు. దైవభీతి అన్న మాటను తీసివేద్దామంటే ఆమె కొంచెము నొచ్చుకుంది. "అది వార్డులో రాత్రి రెండు గంటలకు వాళ్ళే చూస్తారులే తల్లీ" అని మాలో ఒకరు అన్నారు. ఆమె నవ్వి ఒప్పుకుంది.

మిగతావి త్వరగా చెబుతాము. పేరును పదవ తరగతి మెమోలో ఉన్నట్లే అక్షరము తప్పకుండ వ్రాయాలి. బాప్తిస్మము పేరు, ఇంట్లో పిలిచే పేరు, మెమోలో పేరు మూడూ వేరుగా ఉన్నవారు మనలో చాలామంది. పేరు మార్చుకోవలెనంటే గెజిట్‌లో ప్రకటన వేయించుకొని అన్ని కాగితాలూ ఒక దారికి తెచ్చుకోవాలి, అంతవరకు మెమో పేరే. ఫోను నంబరు మీ దగ్గర ఉండేది ఇవ్వండి. అన్నయ్య నంబరు ఇచ్చి, అన్నయ్య సిమ్ము మార్చి, పిలుపు పోగొట్టుకున్న ఇల్లు మాకు తెలుసు. ఈమెయిలు నెట్ సెంటరువాడు చేసి ఇస్తే పాస్‌వర్డు అతని దగ్గరే ఉండిపోతుంది. అడిగి తీసుకొని మార్చుకోండి. ఆ ఈమెయిలులో ముద్దు పేర్లు, సినిమా హీరోల పేర్లు వద్దు. ఆధార్ నంబరు రెజ్యూమె మీద వేయకూడదు. ఆ కాగితము ఎన్ని చేతులు మారుతుందో మనకు తెలియదు. ఉద్యోగమిస్తామని ముందుగా డిపాజిట్టు అడిగినవానికి రెజ్యూమె కూడ ఇవ్వవద్దు.

మతము, కులము అన్న వరుసల దగ్గర మా వరండాలో ఎప్పుడూ గొంతులు తగ్గుతాయి. జెరాక్సు నమూనాలో ఆ రెండు గళ్ళు ఉంటాయి. భయముచేత ఒకటి వ్రాసేవారున్నారు, లాభముచేత మరొకటి వ్రాసేవారున్నారు. ప్రైవేటు ఉద్యోగపు రెజ్యూమెలో ఆ రెండూ అక్కరలేదు, తీసివేయండి. అడగని దానిని చెప్పకపోవడము ప్రభువును ఎరుగననడము కాదు. ప్రభుత్వ దరఖాస్తు అడిగినప్పుడు సంగతి వేరు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము హిందువులకు, తరువాత 1956లో చేర్చిన సిక్కులకు, 1990లో చేర్చిన బౌద్ధులకు తప్ప మరెవరికీ ఎస్.సి. హోదా లేదు. షెడ్యూల్డు కులాలనుండి క్రైస్తవులైనవారికీ వారి సంతతికీ మన రాష్ట్రాలలో బి.సి.-సి గ్రూపు ఉంది. ఇది అన్యాయమని మన పెద్దలు చాలా కాలముగా పోరాడుతున్నారు. ఈ విషయము పరిశీలించుటకు కేంద్ర ప్రభుత్వము 2022లో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ గారి అధ్యక్షతన కమిషను వేసింది. ఆ పోరాటము న్యాయమైనదేనని మా అభిప్రాయము కూడ. అయినా తప్పుడు సర్టిఫికెట్టుతో వచ్చిన ఉద్యోగము నిలువదని సుప్రీంకోర్టు 2017లో తేల్చి చెప్పింది. ఇరవై ఏండ్ల సర్వీసు తరువాత కూడ ఆ భయము మనిషి వెంట వస్తుంది. ఎవరినీ తీర్పు తీర్చే యోగ్యత మాకు లేదు. ఆదివారము ప్రక్క బెంచీలో కూర్చునే వారి సంగతి గనుక ఇంతటితో ఆపుతాము.

ఈ వ్యాసము వ్రాయడానికి అసలు కారణమైన సంగతి ఇప్పుడు చెబుతాము. నిరుడు ఒక తల్లి తన కొడుకును వెంటబెట్టుకొని వచ్చింది. అతడు బి.ఎస్సీ. కంప్యూటర్స్ ముగించి రెండేండ్లయింది. తండ్రికి పక్షవాతము వచ్చి, ఆ రెండేండ్లూ తండ్రిని చూసుకుంటూ ఎకరమున్నర ప్రత్తి చేసుకున్నాడు. హైదరాబాదులో ఎవరో రెండేండ్ల అనుభవపు లెటరు, జీతము స్లిప్పులతో సహా తయారుచేసి ఇస్తానన్నారట. తల్లి చెవి కమ్మలు కుదువ పెట్టడానికి సిద్ధపడింది. "అందరూ అట్లాగే పెట్టుకుంటున్నారంట గదయ్యా, నా బిడ్డ ఒక్కడే నిజము చెప్పి ఇంట్లో కూర్చోవాలా?" అని అడిగింది. వెంటనే జవాబు చెప్పడానికి మాకు నోరు రాలేదు. ఇరుకులో ఉన్న తల్లికి వాక్యము చెప్పడము తేలిక.

కొంతసేపటికి అతనిచేత యెహోషువ 9వ అధ్యాయము చదివించాము. గిబియోనీయులు దూరదేశమునుండి వచ్చామని నమ్మించడానికి పాత చెప్పులు, చినిగిన ద్రాక్షారసపు తిత్తులు, బూజు పట్టిన రొట్టె తెచ్చారు. అవి వాళ్ళ అనుభవపు సర్టిఫికెట్లు. మూడు దినాలకే బయటపడింది. ఈ కాలములో మూడు దినాలు కూడ అక్కరలేదని మాలో పి.ఎఫ్. వ్యవహారాలు తెలిసినవారు విడమరచి చెప్పారు. ఇరవైమంది, అంతకన్న ఎక్కువమంది పనిచేసే సంస్థలు మామూలుగా పి.ఎఫ్. కట్టాలి. 2014 నుండి ప్రతి ఉద్యోగికీ యు.ఎ.ఎన్. అనే ఒకే నంబరు ఉంటుంది. ఎక్కడ, ఏ తేదీనుండి ఏ తేదీవరకు పనిచేశామో అందులో కనబడుతుంది. పెద్ద కంపెనీలు ఉద్యోగమిచ్చిన తరువాత కూడ విచారణ చేయిస్తాయి. దొరికితే ఉద్యోగము పోతుంది, పేరూ పోతుంది, కమ్మలు తిరిగి రావు.

కుర్రవాడు చాలాసేపు తల వంచుకొని కూర్చున్నాడు. తరువాత, "మరి ఆ రెండేండ్లు ఏమని వ్రాయాలి?" అన్నాడు. ఆ ఒక్క ప్రశ్నకే మా మధ్యాహ్నమంతా పట్టింది. తండ్రి అనారోగ్యము కారణముగా కుటుంబ బాధ్యత, వ్యవసాయము అని రెండు వరుసలు వ్రాశాము. ఆ కాలములో అతడు ఊరిలో ముప్పైమంది రైతులకు పంట నమోదు దరఖాస్తులు ఫోనులో నింపి పెట్టాడని తల్లి మధ్యలో చెప్పింది. అతడికది గుర్తే లేదు. అదీ వ్రాశాము. రాత్రులు నేర్చుకున్న ఎక్సెల్ పని వ్రాశాము. ఒక పేజీ నిండలేదు. నిండకపోయినా పరవాలేదన్నాము.

పాస్టరుగారిని ఒక ఉత్తరము అడిగాము. సత్ప్రవర్తన సర్టిఫికెట్టు అనగానే అందరికీ ఒకే నాలుగు మాటలు వ్రాసి ముద్ర వేసే అలవాటు మన సంఘాలలో ఉంది. అది ఎవరికీ ఉపయోగపడదు. పౌలు ఫిలేమోనుకు ఒనేసిము గూర్చి వ్రాసినప్పుడు అతడు మునుపు నిష్ప్రయోజకుడన్న సంగతిని దాచలేదు, అతని అప్పు తాను తీరుస్తానన్నాడు. మా పాస్టరుగారు అర పేజీ వ్రాశారు. ఈ అబ్బాయిని ఏడేండ్లుగా ఎరుగుదును, సండేస్కూలు లెక్కలు మూడేండ్లు ఇతని చేతిలో ఉన్నాయి, రూపాయి తేడా రాలేదు, ఇంగ్లీషు మాట్లాడుటలో బిడియము ఉంది అని వ్రాశారు. ఆ చివరి మాట ఎందుకని తల్లి అడిగింది. అది ఉంటేనే పై మాటలు నమ్ముతారమ్మా అన్నారాయన.

కాగితము అడుగున జెరాక్సు నమూనాలో వచ్చే వాక్యము ఉండనే ఉంది. పైన తెలిపిన వివరములన్నియు సత్యమని ప్రకటించుచున్నాను అన్నది. ప్రైవేటు కంపెనీకి అది తప్పనిసరి కాదు, తీసివేయవచ్చునని చెప్పాము. అతడు ఒక నిమిషము ఆలోచించి, "ఉండనీయండి" అని దాని క్రింద సంతకము చేశాడు.

ఆరు చోట్ల వేశాడు. నాలుగు వారాలు ఏమీ రాలేదు. అయిదవ వారము గుంటూరులో ఒక కోల్డ్ స్టోరేజీ ఆఫీసునుండి లెక్కల పనికి ఫోను వచ్చింది. గురువారము ఉదయము ఆరున్నర బస్సుకు తల్లి కూడ వెంట వెళ్ళింది. కమ్మలు ఆమె చెవులకే ఉన్నాయి.